ఆదివారం ఆరాధన వేళ వెళ్ళిన మెయిల్

2006వ సంవత్సరం. ఎండలు తగ్గి తొలకరి పడుతున్న రోజులు. నేను అప్పుడు ఖమ్మంలో ఒక కంప్యూటర్ల షాపులో సర్వీస్ ఇంజనీరును. పేరుకే ఇంజనీరు. జిల్లాలో ఎక్కడ ఏ మానిటర్ ఆరిపోయినా, ఏ ప్రింటర్ కాగితం మింగినా బ్యాగు తగిలించుకుని బస్సెక్కడమే నా ఉద్యోగం. మిర్చి యార్డులో కమీషన్ కొట్ల నుంచి కోచింగ్ కాలేజీల దాకా అందరూ మా కస్టమర్లే. చర్ల వైపు కాల్ వస్తే మాత్రం షాపులో ఒక్కొక్కరికి ఒక్కో జబ్బు చేసేది. రోడ్డు బాగుండదు, కరెంటు ఉండదు, దారిలో పోలీసు క్యాంపు దగ్గర దింపి బ్యాగు విప్పిస్తారు. అందుకని ఆ కాల్ ఎప్పుడూ నా నెత్తినే పడేది.

నా గురించి ఒక మాట ముందే చెప్పాలి. నాకు అనుమానం ఎక్కువ. తాళం వేసి వీధి చివరి దాకా వెళ్ళి, వెనక్కొచ్చి లాగి చూస్తాను. ఖానాపురం హవేలిలో మా కిరాయి ఇంటికి పాలు పోసేవాడు నవ్వితే నీళ్ళు కలిపాడేమో అనుకుంటాను, నవ్వకపోతే కలిపే ఉంటాడనుకుంటాను. మా ఆవిడ నన్ను సీఐడీ గారూ అని పిలుస్తుంది. ఇంట్లో ఈ గుణానికి తిట్లు తిన్నాను గానీ వృత్తిలో ఇదే నాకు అన్నం పెట్టింది. కస్టమర్ "నేనేం ముట్టుకోలేదండీ" అన్నాడంటే ఏదో ముట్టుకున్నాడనే అర్థం.

ఆ శుక్రవారం ఫోన్ చేసింది దేవదానం గారు. చర్ల అవతల, అడవి అంచున ఉన్న ఒక చిన్న మిషన్ దవాఖానా వ్యవహారమంతా ఆయనే చూసేవారు. ఆదివారం అక్కడి ప్రార్థన హాలులో ఆరాధన నడిపేదీ ఆయనే. అందుకని అందరూ ఆయన్ను అయ్యగారు అనేవారు. మధిర వైపు మనిషి, మాట మెత్తన.

"ప్రభాకర్, అవుట్‌గోయింగ్ మెయిల్ సెట్టింగ్ మార్చాలి. నువ్వే రా బాబూ. వేరేవాళ్ళని పంపొద్దు."

"గా పనికి ఇంత దూరమెందుకు అయ్యగారూ? ఆఫీసుల జ్యోతి ఉంది గద. ఫోన్ల చెప్తే ఆమెనే చేస్తది."

"ఆ అమ్మాయికి చెప్పే పనైతే నిన్నెందుకు పిలుస్తాను?" అని ఫోన్ పెట్టేశారు. నాలోని సీఐడీ లేచి కూర్చున్నాడు. మర్నాడు తెల్లవారుజామునే భద్రాచలం బస్సెక్కాను.

అక్కడి ఏర్పాటు ఎలా ఉండేదో కొంచెం చెప్పాలి. దవాఖానాలో కంప్యూటర్లు మూడు: ఆఫీసులో ఒకటి, మందుల గదిలో ఒకటి, డాక్టర్ గదిలో ఒకటి. ఇవి కాక ఆఫీసు బల్ల కింద ఇంకో డబ్బా ఉండేది. అది సర్వర్. ఎవరు ఏ గదిలో మెయిల్ రాసి సెండ్ నొక్కినా అది నేరుగా బయటికి పోదు. ముందు ఈ సర్వర్‌లోకి వచ్చి వరుసలో నిలబడుతుంది. దాన్ని క్యూ అంటాం. ఫోన్ లైనుకు తగిలించిన మోడెమ్ ఇంటర్నెట్‌కు డయల్ చేసినప్పుడు, వరుసలో ఉన్నవన్నీ సర్వర్ బయటి పెద్ద సర్వర్‌కు అప్పజెబుతుంది. ఉత్తరం డబ్బాలో పడటం వేరు, సంచి బస్సెక్కడం వేరు కదా, ఇదీ అంతే. ఆ పెద్ద సర్వర్ పేరేమిటి, ఏ పోర్ట్ అంటే ఏ ద్వారంలోంచి పంపాలి, పాస్‌వర్డ్ ఏమిటి, పంపే అనుమతి ఎవరెవరికి ఉంది, ఈ వివరాలన్నీ అడ్మిన్ టూల్ అనే ప్రోగ్రాంలో నింపుతాం. మాకంటే ముందు హైదరాబాదు నుంచి ఎవరో వచ్చి ఇదంతా బిగించి పోయారు. ఏది ఎలా పెట్టారో కాగితం మీద ఒక్క ముక్క రాసిపోలేదు.

అయ్యగారు నన్ను ఆఫీసులో కూర్చోబెట్టి తలుపు వేశారు. ఆ ఉక్కలో కిటికీ కూడా వేశారు. సొరుగులోంచి ఒక ప్రింటు తీసి నా ముందు పెట్టారు. ఖమ్మంలో ఉన్న వాళ్ళ పెద్ద ఆఫీసుకు, అంటే ఈ దవాఖానాను నడిపే సంస్థకు, అంతకుముందు ఆదివారం వెళ్ళిన మెయిల్ అది. వాళ్ళే దాన్ని ప్రింటు తీసి ఆయనకు పంపారు. తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టారు. అప్పట్లో అందరం అలాగే రాసేవాళ్ళం.

"రాత్రి కాన్పు కేసు వచ్చింది. కరెంటు లేదు. జనరేటర్ వెయ్యమంటే, ఉన్న డీజిల్ ఆదివారం ఆరాధనకు ఉంచమని అయ్యగారి ఆర్డర్ అన్నారు. టార్చి వెలుగులో కాన్పు జరిగింది. తల్లి చచ్చి బతికింది. మైకుకు దొరికే డీజిల్ కాన్పు గదికి ఎందుకు దొరకదు?"

కింద పేరు లేదు. దవాఖానా మొత్తానికి ఒకటే మెయిల్ అడ్రసు కాబట్టి పైన చూసినా ఎవరు పంపారో తెలియదు.

"ఇది నిజమేనా అయ్యగారూ?" అన్నాను.

"అది తర్వాత. ముందు ఎవరు పంపారో తేలాలి," అన్నారు. ఆ మెత్తని గొంతు అలా గట్టిపడటం నేను మొదటిసారి విన్నాను.

అంతకుముందు శుక్రవారం రాత్రి ఆ కాన్పు గదిలో ఉన్నది ఇద్దరే. ఒకరు డాక్టర్ సునీత. చదువు ముగించుకుని వచ్చి అక్కడ చేరి ఏడాది దాటింది. రెండోది జ్యోతి. నర్సు సెలవు మీద ఉంటే సాయానికి వెళ్ళింది. జనరేటర్ వెయ్యనన్న వాచ్‌మన్ ఏసోబుకు సంగతి తెలుసు గానీ అతనికి కంప్యూటర్ దగ్గరికి రావాలంటేనే భయం.

"మెయిల్ అందిన టైము చూడు బాబూ. ఆదివారం, సరిగ్గా ఆరాధన వేళ. డాక్టరమ్మ నా పక్కనే నిలబడి పాటలు పాడిస్తోంది. అందరూ చూశారు. ఆఫీసుకు తాళం. తాళంచెవి జ్యోతి దగ్గర. జ్యోతి ఆరాధనకు రాదు. ఇంకేం కావాలి?" అని, ప్రింటు మీద ఇంకోచోట వేలు పెట్టారు. "ఇదీ చూడు. రాసిన తేదీ 2002 జనవరి అట. దొరక్కుండా తేదీ కూడా మార్చేసింది. తెలివిగా చేసిన పని ఇది."

ఆయన నన్ను రెండు పనులడిగారు. ఇకమీదట తన పాస్‌వర్డ్ లేకుండా ఒక్క మెయిల్ కూడా బయటికి పోకుండా సెట్టింగ్ పెట్టాలి. జ్యోతే పంపిందని రుజువు తీసివ్వాలి. సోమవారం ఆమెను ఉద్యోగంలోంచి తీసేస్తారు.

"ఊరికే తీసేస్తే అయిపోదు. ఎందుకు తీశారని పోలీసు క్యాంపు వాళ్ళు అడుగుతారు. చెప్పాల్సి వస్తుంది," అన్నారు.

జ్యోతి లోపలి కోయ గూడెం పిల్ల. ఆఫీసులోంచి దొంగచాటుగా సమాచారం పంపిందని పేరు పడితే క్యాంపు వాళ్ళు పిలిపించి ఇంకా ఎవరికేం పంపావని అడుగుతారు. క్యాంపుకు వెళ్ళొచ్చిందని తెలిస్తే అడవిలో అన్నలు పిలిపించి అక్కడేం చెప్పావని అడుగుతారు. ఆ రెండు పిలుపుల మధ్య పడ్డ మనిషి తిరిగి మామూలుగా బతకడం ఆ రోజుల్లో చాలా కష్టం. అయ్యగారికి ఈ సంగతి తెలియక కాదు. కోపం ఆయన్ను అంత దూరం తీసుకుపోయింది.

ముందు పని మొదలుపెట్టాను. అడ్మిన్ టూల్ తెరిచి చూస్తే బయటి సర్వర్ పేరు, పోర్ట్, పాస్‌వర్డ్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఏ మార్పు చేసినా దానికి ముందొకటి, తర్వాతొకటి టెస్ట్ మెయిల్ పంపి చూడటం నా అలవాటు. నేనే డయల్ చేసి ఆఫీసులోంచి మా షాపు అడ్రసుకు ఒకటి పంపాను, పోయింది. మందుల గదిలోంచి పంపాను, పోయింది. డాక్టర్ గదిలో కూర్చోగానే స్క్రీన్ మూల మీద నా చూపు ఆగింది. అక్కడ 2002 జనవరి అని ఉంది.

కంప్యూటర్ లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. కరెంటు లేనప్పుడు తేదీని, టైమును గుర్తుపెట్టుకునేది అదే. అది చచ్చిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ కంప్యూటర్ తను పుట్టిన ఏడాదికి వెళ్ళిపోతుంది. అంటే తేదీని ఎవరూ మార్చలేదు. ఆ మెయిల్ ఈ బల్ల మీదే తయారైంది. ఇక్కడి నుంచి కూడా ఒక టెస్ట్ మెయిల్ రాసి సెండ్ నొక్కాను. నొక్కానో లేదో కరెంటు పోయింది. ఆఫీసులో మోడెమ్ లైను తెగింది, సర్వర్‌కున్న యూపీఎస్ కాసేపు కీచుమని మొత్తుకుంది, ఆ తర్వాత సర్వర్ తనంతట తానే ఆరిపోయింది. ఇక ఆ పూట కరెంటు రాదని ఏసోబు తేల్చేశాడు.

"పోయినవారం గూడ గిట్లనే సార్. శనివారం పొద్దుగూకంగ పోయిన కరెంటు ఆదివారం పగటేల దాక రాలే. తీగెల మీద చెట్టు పడ్డది."

ఆ మాటతో నా బుర్ర వేడెక్కింది. ఆదివారం పొద్దున కరెంటే లేకపోతే మెయిల్ ఎలా పోయింది? జనరేటర్ ఎప్పుడెప్పుడు వేస్తావని ఏసోబును అడిగాను. ఆపరేషన్ ఉన్ననాడు వార్డుకు, ఆదివారం మైకుకు, అంతకుమించి ఒక్క నిమిషం కూడా వెయ్యనని ఒట్టు పెట్టుకున్నాడు. ఒట్టు పెట్టుకునేవాళ్ళంటే నాకు ఇంకా అనుమానం. ఆ సాయంత్రం ఏదో చిన్న ఆపరేషన్‌కు అతను జనరేటర్ వేసినప్పుడు వెళ్ళి చూశాను. వార్డులో లైట్లు వెలిగాయి, ఆఫీసు చీకటిగానే ఉంది. అయితే ఇతనూ జ్యోతీ కలిసి ఏదో చేశారనుకున్నాను.

డాక్టర్ సునీత తన గది బయట నిలబడి ఉంది. కంప్యూటర్‌లో బ్యాటరీ పోయిందని, తేదీ తప్పు చూపిస్తోందని చెప్పాను.

"తెలుసు. నేను పట్టించుకోను," అంది. తర్వాత, "అయ్యగారు మిమ్మల్ని సెట్టింగ్ పనికేనా పిలిపించింది?" అని అడిగింది.

"అవును మేడం."

"ఎవరు పంపారో కంప్యూటర్‌లో తెలిసిపోతుందా?"

"కొంత తెలుస్తుంది."

ఆమె తలూపి, నా మొహం చూసి మీకు బీపీ ఉందా అని అడిగింది. మాట మార్చడానికి డాక్టర్లకు ఉన్నంత మంచి సాకు ఇంకెవరికీ ఉండదు. ఈవిడను కూడా నా అనుమానితుల్లో చేర్చుకున్నాను. కానీ ఆదివారం ఆవిడ అందరి ముందూ పాడుతూ ఉంది, దాన్ని కాదనలేను.

జ్యోతి ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉంది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. అంతకుముందు నేను వెళ్ళినప్పుడల్లా పక్కన నిలబడి ప్రతిదీ అడిగి నేర్చుకునేది. ఆ రోజు మాత్రం నన్ను చూసి లేచి నిలబడింది, ఏమీ అడగలేదు.

"డాక్టర్ గదిల కంప్యూటర్ నువ్వు వాడుతవా?"

"అవ్ సార్. పేషంట్ల వివరాలు నేనే ఎక్కిస్త."

"ఆదివారం యాడుంటవ్?"

"సంతకు పోత సార్."

"ప్రతి ఆదివారమా? గంతగనం ఏం కొంటవ్ సంతల?"

"ఏం కొన సార్. మా అమ్మొస్తది, చింతపండు గిట్ల అమ్మనీకి. ఆమెను జూసొస్త."

"ఇంకెవరొస్తరు?"

ఆ ప్రశ్న ఎటు పోతోందో ఆమెకు అర్థమైంది. "సంతకు అందరొస్తరు సార్," అంది.

"మెయిల్ నువ్వు పంపినవా?"

"పంపలే."

"ఎవరు పంపిన్రో తెలుసా?"

తల దించుకుంది. ఎంతసేపు చూసినా జవాబు రాలేదు. నా లెక్కలో జవాబు రాలేదంటే జవాబు తెలుసని అర్థం. అయ్యగారి దగ్గరికి వెళ్ళి మీరన్నది నిజమే అయ్యుండొచ్చు అని చెబుదామని గుమ్మం దాకా వెళ్ళాను కూడా. అయితే కరెంటు లేకుండా మెయిల్ ఎలా పోయిందన్న ముడి ఇంకా విడలేదు. అనుమానం పూర్తిగా తీరకుండా తేల్చి చెప్పడం నాకు చేతకాదు. రేపు పొద్దున చెబుతానన్నాను. ఆయన అప్పుడే జ్యోతిని పిలిచి తాళంచెవి తీసుకుని తన జేబులో వేసుకున్నారు. రేపు సంతకు పోవద్దు, ఆరాధన అయ్యేదాకా ఇక్కడే ఉండాలి అన్నారు. ఆ పిల్ల సరే అయ్యగారూ అంది గానీ సంత మాట వినగానే కళ్ళు తుడుచుకుంది. తెల్లారి తల్లి అంత దూరం నడిచొచ్చి ఎదురుచూస్తుంది కదా అని నాకే మనసు చివుక్కుమంది.

మర్నాడు పొద్దున కూడా కరెంటు లేదు. ఆరాధనకు నేనూ వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. ప్రార్థన హాలుకు, ఆఫీసుకు మధ్య ఒకటే గోడ. తలుపు దగ్గర కూర్చున్న నాకు బయట మెట్ల మీద జ్యోతి కనబడుతూనే ఉంది. ఏసోబు జనరేటర్ వేశాడు. మైకు ఒకసారి కూసి సర్దుకుంది. డాక్టర్ సునీత పాట ఎత్తుకుంది, అందరూ అందుకున్నారు. పాట కాగానే అయ్యగారు ప్రార్థనకు కళ్ళు మూశారు. హాలంతా కళ్ళు మూసుకుంది. నేను పుట్టుకతో క్రైస్తవుణ్ణే గానీ ప్రార్థనలో రెండు కళ్ళూ మూయడం చిన్నప్పటి నుంచీ నాకు అలవాటు కాలేదు. ఒకటి తెరిచే ఉంటుంది.

అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టబోయే ముందు కొంచెంసేపు నిశ్శబ్దంగా ఉన్నారు. ఆ నిశ్శబ్దంలో గోడ అవతల నుంచి ఒక చప్పుడు వచ్చింది. ముందు ఫోన్ నంబర్లు నొక్కినట్టు టిక్కుటిక్కుమని, తర్వాత సన్నగా కీచుమని, ఆ వెంటనే బరబరమని. నా పక్కన కూర్చున్న ముసలమ్మ కళ్ళు తెరవకుండానే "మైకు మళ్ళ కూస్తాంది" అని గొణిగింది. ఎవరూ కదల్లేదు. వాళ్ళ లెక్కలో అది ప్రతి ఆదివారం వినే మైకు కూతే. నేను మాత్రం రెండో కన్ను కూడా తెరిచాను. ఏ ఊళ్ళో విన్నా, ఎంత దూరం నుంచి విన్నా ఆ చప్పుడు నేను గుర్తుపడతాను. తాళం వేసిన ఆఫీసులో మోడెమ్ డయల్ చేస్తోంది.

జ్యోతి మెట్ల మీదే ఉంది. డాక్టరమ్మ మైకు దగ్గరే ఉంది. తాళంచెవి అయ్యగారి జేబులో ఉంది. ఆ రోజు వాక్యం ఏం చదివారో నాకు ఒక్క మాట కూడా చెవికెక్కలేదు.

ఆరాధన ముగిసి జనం వెళ్ళిపోయాక అయ్యగారిని, డాక్టరమ్మను, జ్యోతిని, ఏసోబును ఆఫీసు ముందుకు పిలిచాను. జనరేటర్ ఆపొద్దని ముందే చెప్పాను. అయ్యగారు తన చేత్తోనే తాళం తీశారు. బల్ల కింద సర్వర్ దీపాలు మిణుకుమిణుకుమంటున్నాయి. అడ్మిన్ టూల్ తెరిచి చూపించాను. నిన్న కరెంటు పోయినప్పుడు క్యూలో ఆగిపోయిన నా టెస్ట్ మెయిల్ ఇప్పుడక్కడ లేదు. ఆరాధన వేళ బయటికి వెళ్ళిపోయింది.

"తాళంచెవి మీ జేబుల ఉంది. జ్యోతి మెట్ల మీద ఉంది. నేను మీ ఎదురుంగనే కూసున్న. నా మెయిల్ ఎవరు పంపిన్రు అయ్యగారూ?"

ఆయన చేతిలోని తాళంచెవి వైపు చూసుకున్నారు. నేను ఏసోబును అడిగాను, జనరేటర్ తీగలు ఎట్ల పోతాయని.

"జనరేటర్ చిన్నది సార్. వార్డు, హాలు రెండూ ఒక్కసారి గుంజలేదు. అందుకే మీట పెట్టిన్రు. గిటు తిప్పితే వార్డు, గటు తిప్పితే హాలు. హాలుకు కరెంటు ఆఫీసు బోర్డు మీదికెళ్ళే పోతది."

అదీ సంగతి. నిన్న వార్డు వైపు తిప్పాడు కాబట్టి ఆఫీసు చీకటిగా ఉండిపోయింది. ఆదివారం మైకు కోసం ఇటు తిప్పితే ఆఫీసుకూ కరెంటు వస్తుంది. కరెంటు రాగానే దానంతటదే లేచేటట్టు, క్యూలో ఏదన్నా ఉంటే దానంతటదే డయల్ చేసేటట్టు ఆ హైదరాబాదు మనిషి సర్వర్‌ను అమర్చి పోయాడు. మామూలు రోజుల్లో జ్యోతి పక్కనే ఉంటుంది కాబట్టి ఎవరికీ వింతగా తోచలేదు.

"అంటే పోయినవారం..." అన్నారు అయ్యగారు.

"శనివారం సాయంత్రం ఎవరో రాసి సెండ్ నొక్కిన్రు. అప్పుడే కరెంటు పోయింది. పోలేదనుకుని ఊకున్నరు. తెల్లారి మీరు మైకు పెట్టించిన్రు, మెయిల్ బయలెల్లింది."

ఏసోబు "యేసయ్యా" అని గోడకు చేరగిలబడ్డాడు. అయ్యగారు కుర్చీలో కూర్చున్నారు. తలెత్తి, "పంపింది ఎవరూ కాదన్నావు. మరి రాసిందెవరు?" అని అడిగారు.

"డాక్టర్ గదిల కంప్యూటర్ మీద రాసిన్రు. ఆ తేదీ..." అంటూ నేను ఆగిపోయాను. డాక్టరమ్మ మొహంలో నెత్తుటి చుక్క లేదు. నేను ఇంకో మాట అనేలోపే జ్యోతి ముందుకొచ్చింది.

"నేనే రాసిన అయ్యగారూ. పేషంట్ల వివరాలు ఎక్కిచ్చేటప్పుడు రాసిన."

ఎంత తేలిగ్గా అందంటే నేను నిజమే అనుకున్నాను. నిన్న ఆమె తల దించుకున్నది ఇందుకేనా అనుకుని, నా అనుమానం తప్పలేదని లోపల ఒక క్షణం గర్వపడ్డాను కూడా.

"కాదు," అంది డాక్టర్ సునీత. ఇంకోసారి గట్టిగా అంది. "కాదు అయ్యగారూ. అది రాసింది నేను. కోపంలో రాశాను. రాశాక భయమేసింది. పైచదువుకు మీ సిఫారసు కావాలి కదా. కరెంటు పోయినప్పుడు దేవుడే ఆపాడనుకున్నాను. మీరు అడిగినప్పుడు, ఆరాధనలో మీ పక్కనే ఉన్నానుగా అన్నాను. ఈ అమ్మాయి మీదికి పోతోందని తెలిసి కూడా వారమంతా నోరు మూసుకున్నాను."

"నాతో చెప్పొచ్చు కదమ్మా," అన్నారు అయ్యగారు.

"చెప్పాను. రెండుసార్లు చెప్పాను. మీరు ప్రార్థన చేద్దాం అన్నారు."

ఆయన లేచి, మాకు వీపు పెట్టి కిటికీ తెరిచారు. ఇటు తిరిగాక ముందు ఏసోబుతో మాట్లాడారు. ఈ రోజు నుంచి డీజిల్ మొదట కాన్పు గదికి, మిగిలితేనే మైకుకు, లేకపోతే గొంతెత్తి పాడుకుందాం అన్నారు. తర్వాత జ్యోతి దగ్గరికి వచ్చి తాళంచెవి ఆమె చేతిలో పెట్టారు.

"సోమవారం వస్తావు కదమ్మా?"

"వస్త అయ్యగారూ."

క్షమించమని ఆయన నోటితో అనలేదు. నాకు ఆయన మీద కోపం పూర్తిగా చల్లారనూ లేదు. నాతో మాత్రం, "నా ఒక్కడి పాస్‌వర్డ్ వద్దులే బాబూ" అన్నారు. అడ్మిన్ టూల్‌లో అయ్యగారికి, డాక్టరమ్మకు, జ్యోతికి ఎవరి పేరు వాళ్ళకు, ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళకు పెట్టాను. మెయిల్ క్యూలో ఆగిపోతే రాసినవాళ్ళకు ఆ సంగతి చెప్పే సెట్టింగ్ ఆన్ చేశాను. తనంతట తాను డయల్ చేసేది తీసేశాను. చేయడానికి కొంచెంసేపే పట్టింది.

నా బస్సు సంత దగ్గరే ఆగుతుంది. జ్యోతి కూడా అటే బయల్దేరింది. దాదాపు పరుగే. నేను బ్యాగు మోసుకుంటూ ఆమె వెనక పడ్డాను.

"నువ్వెందుకు ఒప్పుకున్నవ్? క్యాంపు సంగతి నీకు తెల్వదా?"

"తెలుసు సార్."

"డాక్టరమ్మ రాసిందని ముందే ఎరుకేనా?"

"ఎరుకే. రాసేటప్పుడు ఏడుస్తుంటే జూసిన." నడక ఆపకుండానే చెప్పింది. "ఆ రాత్రి వచ్చిన కాన్పు మా అక్కది సార్. టార్చి నేనే పట్టుకున్న. నా చెయ్యి ఒణుకుతాంటే డాక్టరమ్మ, నువ్వు మొహం తిప్పుకో, లైటు మాత్రం కదలనియ్యకు అన్నది. అక్కా బిడ్డా ఇద్దరూ బతికిన్రు."

"అందుకని నువ్వు పోయి క్యాంపుల కూసుంటవా?"

"నేను పోతే కంప్యూటర్ కాడికి ఇంకొకరొస్తరు. ఆమె పోతే ఇక్కడికి ఎవరొస్తరు సార్?"

సంత అప్పటికే విడిపోతోంది. ఖాళీ బుట్ట ఒళ్ళో పెట్టుకుని ఒక పెద్దామె రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. జ్యోతి వెళ్ళి ఆమె పక్కన కూలబడి, కోయ భాషలో ఏదేదో చెబుతూ నవ్వింది. ఏం చెప్పిందో నాకు అర్థం కాలేదు. జరిగింది చెప్పలేదని మాత్రం ఆ తల్లి నవ్వు చూస్తే తెలిసింది. బస్సెక్కాక చాలా దూరం వరకు నా కళ్ళు తడిగానే ఉన్నాయి, సిగ్గుపడి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఆ కేసు తర్వాత నా అనుమానం తగ్గిందని చెబితే మా ఆవిడ నవ్వుతుంది. తాళం ఇప్పటికీ లాగి చూస్తాను. ఎవరో ఏదో చేశారని కస్టమర్ అంటే, మనిషిని అడిగే ముందు తీగ ఎటు పోతోందో చూస్తాను, సెట్టింగ్ ఎవరు పెట్టారో చూస్తాను. అయితే ఆ రెండు రోజులూ నేను వేసిన ప్రశ్నలన్నీ ఒకటే చోట తిరిగాయి: ఎవరు తప్పించుకోవాలని చూస్తున్నారు? తప్పు తన మీదికి తీసుకోవడానికి సిద్ధపడిన మనిషి నా ఎదురుగానే నిలబడి ఉంటే, ఆమె మౌనాన్ని నేరం కింద జమకట్టాను. ఇప్పుడు ఎవరైనా జవాబివ్వకుండా తల దించుకుంటే, ఎవరిని కాపాడుతున్నారో ముందు ఆలోచిస్తాను.